పాత సభలో బతికున్న మనిషి

మా ఊరి పాలనా చరిత్ర సంఘంలో కార్యక్రమాల బాధ్యత నాది. బాధ్యత అనగానే ఏదో పెద్ద పదవి అనుకునేరు! కుర్చీలు వేయించడం, మైకు పలుకుతోందో లేదో చూడటం, వక్తగారి ముందు మంచినీళ్లు పెట్టడం, ఆయన "రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అని చెప్పి ఎంతకీ ముగించకపోతే వెనక వరసలో కూర్చుని గట్టిగా దగ్గడం. ఈ చివరి పనిలో నాకు మంచి పేరుంది. నాకు నోరెక్కువని కూడా అంటారు. ఉండొచ్చు. నోరు లేనివాళ్లతో కార్యక్రమాలు నడవవు.

మా సంఘం పని, ఈ ఊరిని ఇంతకాలం ఎవరెవరు ఎలా పాలించారో తవ్వి తీసి జనానికి చెప్పడం. పాత కౌన్సిల్ భవనం మేడ మీద మాకు చోటిచ్చారు. కౌన్సిల్ కొత్త భవనానికి వెళ్లిపోతూ తన పొడుగాటి బల్లలనీ, సభ్యుల కుర్చీలనీ, గోడల మీది ఫొటోలనీ మాకు వదిలేసి వెళ్లింది. మా కార్యక్రమాలు రెండు రకాలు. ఒకటి ప్రజలకు: ఉపన్యాసాలు, పాత కచేరీ భవనాల చుట్టూ నడకలు. తలుపు తీసి ఉంటుంది, ఎవరైనా రావచ్చు. రెండోది సభ్యులకు మాత్రమే: పాత కాగితాలు చూడటం, టీ తాగడం, పక్కవాళ్ల పుస్తకంలో తప్పులు వెతకడం. బిస్కెట్లు రెండో రకంలోనే ఉంటాయి.

ప్రజల కార్యక్రమాల్లో అన్నిటికంటే పేరున్నది "పాత సభ". ఏడాదికోసారి జరుగుతుంది. సభలో ఎవరు ఏమన్నారో గుమస్తా రాసిపెట్టే మినిట్స్ ఉంటాయి కదా, అందులోంచి ఒక పాత సమావేశం ఎంచుకుంటాం. అప్పుడు ఎవరెవరు కూర్చున్నారో వాళ్ల కుర్చీల్లో మా వాళ్లు ఒక్కొక్కరు కూర్చుని, వాళ్లు అన్న మాటలే అంటారు, వాళ్లు వేసిన ఓటే వేస్తారు. ఆ తర్వాత చూడ్డానికి వచ్చిన జనం తమ ఓటు వేస్తారు. దానివల్ల ఏమీ మారదు. అయినా జనం చచ్చేటంత ఇష్టంగా వేస్తారు.

దీనికి ఒక్కటే నిబంధన. ఆ సమావేశంలో కూర్చున్న వాళ్లందరూ చనిపోయి ఉండాలి. ఇలాంటి నిబంధన ఇంకెక్కడా ఉండదని నాకూ తెలుసు. పూర్వం ఒకసారి ఓ మాజీ సభ్యుడు బతికుండగానే ఆయన ఉన్న సభ వేశారట. మినిట్స్ లో "సభ్యుడు నిద్రించుచుండెను" అని ఉంది కాబట్టి, ఆయన వేషం వేసినవాడు గురక పెట్టాడట. అసలాయన ముందు వరసలోంచి లేచి చేతికర్ర తీశాడట. అప్పటినుంచి, అందరూ పోయాకే సభ.

ఈసారి మేం ఎంచుకున్నది రేవు సమావేశం. నది మీద కొత్తగా వంతెన వచ్చిన రోజుల్లో, ఇక మున్సిపాలిటీ పడవ ఎందుకు, రేవు మూసేద్దామని తీర్మానం పెట్టారు. పడవవాళ్ల వార్డు నుంచి గెలిచిన సభ్యుడు వద్దని మాట్లాడాడు. ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. రేవు మూతపడింది. ఆయన ఆ ఏడాదే జబ్బు చేసి పోయాడు.

ఆ సభ్యుడి కూతురే మా టైలరమ్మ. మా హాలు కర్టెన్లు కుట్టడానికి కొలతలకని వచ్చి, గోడ మీది ఫొటో ముందు టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అక్కా, ఈ మూల కూర్చున్నాయన మా నాన్న," అంది. నాన్న పోయేటప్పటికి తను చంకలో పిల్ల. ఆయన ముఖం ఫొటోల్లో తప్ప చూడలేదు, గొంతు అసలే తెలియదు. నేను లోపలికి వెళ్లి మినిట్స్ తీసి ఆయన ప్రసంగం చదివి వినిపించాను. నిండుగా ఒక పేజీ ఉంది. తను నిలబడే విని, "మళ్లీ చదువు," అంది. ఆ పేజీ టైపు చేయించి ఇచ్చాను. మిషను తొక్కుతూ తొక్కుతూ కంఠతా పట్టేసింది. ఆ మాటలు తప్ప ఆయనవి తనకి ఇంకేమీ మిగల్లేదు. అందుకే, ఈ ఏడు పాత సభలో ఆయన కుర్చీలో నువ్వే కూర్చుందువుగాని అని మాటిచ్చాను. ఇచ్చే ముందు ఎవరినీ అడగలేదు. అడిగితే ఇంకా చర్చిస్తూ ఉండేవాళ్లు.

ఇక చావుల లెక్క తేల్చే పని మా లెక్చరర్ గారిది. రిటైరయ్యారు, ఊళ్లో ఏ సంతాపసభ జరిగినా ముందు వరసలో ఉంటారు. ఆయన తీరిగ్గా విచారించి, "అందరూ పోయారమ్మా, నిశ్చింతగా ఉండు," అన్నారు. పోస్టర్లు వేయించాం. కింద వరసగా ఆనాటి సభ్యుల పేర్లు, ప్రతి పేరు ముందూ కీర్తిశేషులు.

పోస్టర్లు అంటించిన మర్నాడు ఒకావిడ మెట్లెక్కి రొప్పుతూ వచ్చింది.

"మా మామగారు చనిపోయారని గోడల మీద రాశారంట?" అంది.

నేను సానుభూతిగా, "ఎప్పుడు పోయారమ్మా?" అన్నాను.

"పోలేదండీ! వెనకాల వస్తున్నారు. మెట్లు ఎక్కడం ఆలస్యం."

లెక్చరర్ గారు పక్క గదిలోంచి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయారు. ఇంతలో పెద్దాయన వచ్చాడు. ఎండు పుల్లలా ఉన్నాడు, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. గుమ్మంలో నిలబడి హాలంతా కలియజూసి, కుర్చీ అడిగి కూర్చున్నాడు.

"నా పేరు ముందు ఏదో తగిలించారంట. అది తీసేస్తారా, నన్నే తీసేస్తారా?" అన్నాడు.

"అయ్యయ్యో, పొరపాటైందండీ," అన్నారు లెక్చరర్ గారు. "మీ సంతాపసభకి నేను స్వయంగా వచ్చాను. మాట్లాడాను కూడా."

"అది మా అన్నయ్యది. నేనూ వచ్చాను. మీ వెనకే కూర్చున్నా. బాగా మాట్లాడారు. మా అన్నయ్య చెయ్యని పనులు కూడా చాలా చెప్పారు."

కోడలు నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈయనెవరో నాకు అర్థమైంది. ఆ సమావేశంలో టైలరమ్మ నాన్న పక్క కుర్చీ ఈయనది. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు. అలాంటిది, స్నేహితుడు మాట్లాడి ముగించగానే ఈయన లేచి, "చర్చ చాలును, ఓటునకు పెట్టవలెను" అన్నాడని మినిట్స్ లో ఉంది. ఇంకెవరూ రేవు తరఫున మాట్లాడే వీలు లేకుండా పోయింది. పైగా ఆ ఒక్క ఓటూ ఈయనదే. టైలరమ్మ వాళ్లమ్మ బతికినన్నాళ్లూ ఈయన్ని తిట్టని రోజు లేదట. ఊరి చివర కొడుకు దగ్గర ఉంటూ బయటికి రావడం మానేశాడు కాబట్టి, పోయాడంటే మేమూ నమ్మేశాం, తనూ నమ్మింది.

అధ్యక్షుడు గారికి చెప్పక తప్పలేదు. ఆయన పూర్వం సర్వే శాఖలో పెద్ద అధికారి. గొలుసు పట్టి భూమి కొలిచినట్టే మనుషుల్నీ కొలుస్తారు. "నిబంధన ప్రకారం కార్యక్రమం రద్దు," అన్నారు.

"ఆ పెద్దాయన తనకేమీ అభ్యంతరం లేదంటున్నారు సార్. నేను చచ్చినట్టే అనుకోండి అన్నారు."

"అనుకోవడానికి నిబంధనల్లో వీల్లేదమ్మా."

ఒక మనిషి బతికున్నందుకు ఇంతగా బాధపడే సంస్థ ఇంకోటి ఉంటుందా? కానీ టైలరమ్మకి ఈ మాట చెప్పాల్సింది నేనే కదా. నోరు జారింది నేనే.

తన కొట్టు సందు మొదట్లో ఉంటుంది, మిషను గుమ్మానికి ఎదురుగా వేసి ఉంటుంది. విషయం చెప్పాను. మిషను ఆగింది. సూది కింద బట్ట అలాగే ఉంది.

"బతికే ఉన్నాడా?" అంది.

"ఉన్నాడమ్మా. దుక్కలా ఉన్నాడని అనను గానీ, ఉన్నాడు."

ఒళ్లోని దారం ముక్కలు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏదైనా నాకు చేతనవును, ఊరికే కూర్చుంటేనే చేతకాదు. చివరికి అంది: "నాకు ఆయనతో పనేం లేదక్కా. ఉంటే ఉండనీ. మా నాన్న మాటలు ఆ గదిలో ఒక్కసారి వినపడాలి నాకు. పైకి, అందరి ముందు. అంతకు మించి నేనేం అడగలేదు కదా?"

అడగలేదు, నిజమే. ఇంటికొచ్చి సంఘం నియమావళి ముందేసుకున్నాను. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. అధ్యక్షుడు గారిది ఆయన చదువు, నాది నా మొండితనం. చదవగా చదవగా దొరికింది. అందరూ పోవాలన్న నిబంధన "ప్రజా కార్యక్రమాలు" అన్న భాగంలో ఉంది. "సభ్యుల కార్యక్రమాలు" అన్న భాగంలో దాని ఊసే లేదు. అక్కడ ఉన్నదల్లా, సభ్యులు తమ అతిథులను వెంట తెచ్చుకోవచ్చునని. ఎంతమందినో రాయలేదు.

మర్నాడు అధ్యక్షుడు గారి ముందు కూర్చుని, "సార్, పాత సభని ఈసారి సభ్యుల కార్యక్రమంగా పెడదాం," అన్నాను.

"పోస్టర్లు చూసి జనం వస్తారు కదమ్మా. వాళ్లెవరూ సభ్యులు కారు."

"వాళ్లంతా నా అతిథులు సార్."

"ఊరంతానా?"

"నాకు చుట్టాలు ఎక్కువ."

ఆయన నియమావళి తీసుకుని కళ్లజోడు సవరించుకుని ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చదివారు. ఆయనలో ఒక మంచి గుణం ఉంది. నిబంధన తనకి ఎదురు తిరిగినా నిబంధన వైపే ఉంటారు. "రూలు ప్రకారం కాదనలేను," అన్నారు. "కానీ బతికున్నాయన నోటితో సరేననాలి. రేపు చేతికర్ర తీశాడంటే నీదే పూచీ."

పెద్దాయన ఇంటికి వెళ్లాను. అన్నీ విన్నాడు. టైలరమ్మ పేరు చెప్పినప్పుడు కోడలివైపు చూశాడు. తర్వాత, "సరే. కానీ నా కుర్చీలో ఇంకెవరినీ కూర్చోబెట్టకండి. నేనే కూర్చుంటా," అన్నాడు.

అనుకున్నంతా అయింది! ముందుకు వెళితే నుయ్యి, వెనక్కి వెళితే గొయ్యి. ఆయన కుర్చీ, టైలరమ్మ కూర్చోబోయే కుర్చీ పక్కపక్కనే. మళ్లీ కొట్టుకి వెళ్లి, బెరుగ్గా చెప్పాను. టైలరమ్మ దారం కొసని పళ్లతో తెంపింది.

"కూర్చోనివ్వు," అంది. "కానీ నాతో మాట్లాడొద్దని చెప్పు. మినిట్స్ పుస్తకంలో ఆయనది ఏ మాట ఉందో అది సభకి చెప్పి ఊరుకోవాలి. నా వైపు తిరిగి ఒక్క మాట కూడా వద్దు."

ఆ మాట పెద్దాయనకి చేరవేశాను. ఆయన తలూపాడు.

ఆదివారం మధ్యాహ్నానికే హాలు నిండిపోయింది. నా అతిథులు మెట్ల మీద కూడా నిలబడ్డారు. సభ్యుల కోసం తెప్పించిన బిస్కెట్లు సభ మొదలవకముందే అయిపోయాయి, అదెవరి పనో నాకు తెలుసు, ఇప్పుడు చెప్పి లాభం లేదు. కిటికీ కర్టెన్లు టైలరమ్మ కుట్టినవే, వాటి వెనక ఎండ పల్చగా ఉంది. బల్ల చివర అధ్యక్షుడు గారు గంట పెట్టుకుని కూర్చున్నారు. మున్సిపల్ ఇంజనీరు వేషం లెక్చరర్ గారిది. పాపం, ఆ రోజునుంచి కాస్త తగ్గి ఉంటున్నారు.

టైలరమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుని కూర్చుంది. పెద్దాయన్ని కోడలు పట్టుకొచ్చి కూర్చోబెట్టి వెనక నిలబడింది. ఆయన బల్ల అంచు మీద అరచెయ్యి ఆనించి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

సభ మొదలైంది. ఇంజనీరు గారు వంతెన పొడవు, బలం వర్ణించారు. ఒకరిద్దరు సభ్యులు పడవ దండగ అన్నారు. అధ్యక్షుడు గారు టైలరమ్మ నాన్న పేరు పిలిచారు. తను లేచింది. చేతిలో కాగితం లేదు.

"గౌరవనీయులైన అధ్యక్షా! తరతరములుగా ఈ రేవు ఉభయ తీరముల ప్రజలను ఒక్క కుటుంబముగా కూర్చినది. వంతెన ప్రగతికి చిహ్నమే. అయినను, పేదవాని అవసరమును విస్మరించిన ప్రగతి ప్రగతి కానేరదు..."

ఎంత బాగా చెప్పిందనుకున్నారు! ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగితే తిరిగాయి, దాచుకునేదేముంది. హాలంతా ఊపిరి బిగబట్టి వింటోంది, ఒక్క పెద్దాయన తప్ప. ఆయన తల వంచుకుని మెల్లగా అడ్డంగా ఊపుతున్నాడు. కోడలు భుజం నొక్కింది. అయినా ఆగలేదు.

ప్రసంగం అయిపోగానే చప్పట్లు మోగాయి. టైలరమ్మ కూర్చోలేదు. తనూ చూసింది ఆ తల ఊపడం.

"ఏంటండీ తల ఊపుతున్నారు?" అంది సూటిగా ఆయనతోనే.

పెద్దాయన నా వైపు చూశాడు. "మాట్లాడొద్దన్నారు కదమ్మా," అన్నాడు.

అధ్యక్షుడు గారు గంట కొట్టి, "మినిట్స్ లో లేని మాటలు వద్దు," అన్నారు.

"ఉండండి సార్," అంది టైలరమ్మ. "నేనే అడుగుతున్నా. నేనేం తప్పు చెప్పాను?"

"నువ్వు తప్పు చెప్పలేదు తల్లీ. ఉన్నదున్నట్టే చెప్పావు." ఆయన బల్ల మీద అరచెయ్యి జరిపాడు. "వాడు అది అనలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క పేజీ కదా తనకి మిగిలింది! దాన్ని కూడా లాక్కోవడానికేనా ఇంత దూరం మెట్లెక్కి వచ్చాడు ఈ ముసలాయన? లేచి ఏదో అనబోయాను. టైలరమ్మ ముఖం చూసి ఆగిపోయాను.

"అబద్ధం," అంది. "పుస్తకంలో ఉంది."

"పుస్తకం గుమస్తాది తల్లీ. మంచి రాతగాడు. మేం ముక్క చెబితే పేజీ రాసేవాడు. అందరి మాటలూ ఆయనవే. అంతెందుకు, నేను అభివృద్ధి రథచక్రములు అన్నానని రాశాడు చూడు. ఆ మాట నాకు ఇప్పటికీ నోరు తిరగదు."

జనం నవ్వారు. తను నవ్వలేదు.

"మరి మా నాన్న ఏమన్నాడు?"

"వద్దులే తల్లీ. చిన్న మాట. ఇదే బాగుంది, ఇదే ఉంచుకో."

"చెప్పండి."

మళ్లీ గంట కొడతారేమోనని అధ్యక్షుడు గారి వైపు చూశాను. ఆయన గంటని పక్కకి జరిపారు.

"వాడసలు లేచి నిలబడనే లేదు," అన్నాడు పెద్దాయన. "ఎప్పుడూ అంతే. ఒక కాలు మడిచి కుర్చీ మీద పెట్టుకునేవాడు, అధ్యక్షుడు కసిరినా దించేవాడు కాదు. గొంతు పెద్దది. నది మీద కేకలేసిన గొంతు కదా, గదిలో తగ్గించడం తెలిసేది కాదు. ఇంజనీరు చెప్పిందంతా విన్నాడు. విని, 'ఏమయ్యా, అవతలి ఒడ్డున నిలబడి కేకేస్తే నీ బ్రిడ్జి వస్తుందా? నా పడవైతే వస్తుంది' అన్నాడు."

హాలు గొల్లుమంది. నేనూ నవ్వాను, ఏడుపు మధ్యలో. టైలరమ్మ మాత్రం కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉంది.

"అప్పుడూ ఇట్లాగే నవ్వారు," అన్నాడు ఆయన. "వాడూ నవ్వాడు. నవ్వించాను కదా, గెలిచేశాననుకున్నాడు. మేమేమో నవ్వేసి, ఆ నవ్వులోనే చేతులెత్తేశాం."

"మళ్లీ చెప్పండి."

మళ్లీ చెప్పాడు. ఈసారి గొంతు పెంచి, ఆయన ఎలా అన్నాడో అలా అన్నాడు. ముసలి గొంతు కాబట్టి మధ్యలో చీలింది. టైలరమ్మ పెదాలు కదుపుతూ వెంట అనుకుంది. ఆ తర్వాత కూర్చుంది. కాస్త తటపటాయించి, ఇస్త్రీ చీర నలుగుతుందని కూడా చూడకుండా, కాలు మడిచి కుర్చీ మీద పెట్టుకుని, లెక్చరర్ గారి వైపు తిరిగింది.

"ఏమయ్యా, అవతలి ఒడ్డున నిలబడి కేకేస్తే నీ బ్రిడ్జి వస్తుందా? నా పడవైతే వస్తుంది!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లెక్చరర్ గారు పాపం నిజంగానే తల దించుకున్నారు. తన కళ్లు మెరుస్తున్నాయి. అంత సంతోషంగా తనని నేనెప్పుడూ చూడలేదు. కొద్దిసేపే. తర్వాత పెద్దాయన వైపు తిరిగింది, ముఖం మళ్లీ గట్టిపడింది.

"మరి ఆ మాట తర్వాత మీరెందుకు లేచారు? ఇంకొకళ్లు మాట్లాడితే నిలబడేదేమో రేవు. చర్చ చాలన్నది మీరే కదా. అది కూడా గుమస్తా కల్పించిందేనా?"

"కాదు. అది నేనన్నదే," అన్నాడు. "వాడు అనమంటేనే అన్నా."

"మా నాన్నా?"

"ఆ నవ్వుల్లోనే నా చెవిలో అన్నాడు. 'ఒరే, తొందరగా ఓటు పెట్టించరా, పిల్లకి జ్వరంగా ఉంది, ఇంటికి పోవాలి' అని."

హాల్లో ఎక్కడో కుర్చీ కిర్రుమంది. పిల్లంటే ఎవరో అందరికీ తెలిసింది. తను కాలు కిందికి దించి, చీర సర్దుకుంది. ఏం చేయాలో తెలియక సర్దుకున్నదే మళ్లీ సర్దుకుంది.

అధ్యక్షుడు గారు గొంతు సవరించుకున్నారు. "తీర్మానం ఓటుకు పెడుతున్నాను. రేవు మూసివేయాలనే వారు చేతులెత్తండి."

మా వాళ్లు ఒక్కొక్కరే మొహమాటంగా చేతులెత్తారు. అందరి కళ్లూ పెద్దాయన మీదే. ఎత్తడనే అనుకున్నాను నేను. ఎత్తొద్దు మహానుభావా అని మనసులో దణ్ణం కూడా పెట్టాను. ఎవరు కాదంటారు ఇప్పుడు? కానీ ఆయన బల్ల మీదున్న చెయ్యి తీసి, మెల్లగా పైకెత్తాడు. వెనక నుంచి ఎవరో "అయ్యో!" అన్నారు.

"అప్పుడు ఎత్తా," అన్నాడు టైలరమ్మతో. "బ్రిడ్జి కొత్తది, చుట్టుపక్కల వాళ్లు ఎత్తుతున్నారు, నేనూ ఎత్తా. ఓటు పెట్టించమన్నది వాడు, చెయ్యెత్తింది నేను. ఇప్పుడు దించుకుంటే నీ ముందు అబద్ధం ఆడినట్టవుతుంది."

టైలరమ్మ ఆ చేతివైపే చూస్తోంది. అధ్యక్షుడు గారు లెక్కపెట్టడంలో నిదానం, ఆ చివర నుంచి ఈ చివరకి వస్తున్నారు.

"నాకు ఒకటి తెలియకుండానే ఉండిపోయింది తల్లీ," అన్నాడు పెద్దాయన, చెయ్యి అలాగే ఉంచి. "ఆ జ్వరం తగ్గిందా? ఆ రోజు నుంచి వాడు నాతో మాట్లాడలేదు. అడుగుదామని మీ సందు మొదటిదాకా వచ్చి తిరిగి వెళ్లిపోయేవాణ్ణి. తర్వాత వాడే పోయాడు."

టైలరమ్మ లేచి, పక్కకి జరుపుకున్న కుర్చీని ఆయన దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆయన మణికట్టు పట్టుకుంది.

"తగ్గింది బాబాయ్," అంది. "చెయ్యి దించండి ఇంక."